బస్సెక్కనన్న ఊరు

అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గమరీలో డెక్స్‌టర్ అవెన్యూ అనే వీధి ఉంది. మహా అయితే అర మైలు. ఒక కొసన మనుషుల్ని వేలం వేసిన కూడలి, రెండో కొసన ఎత్తు మీద తెల్లటి శాసనసభ భవనం. ఆ అర మైలులోనూ, దాని పక్క సందుల్లోనూ జరిగినంత చరిత్ర అమెరికాలో మరే వీధిలోనూ జరగలేదని నేను గట్టిగానే అంటాను.

ఈ ఊరిని నడిచే చూడాలి. 1955 డిసెంబర్ 5 నుంచి 381 రోజుల పాటు ఇక్కడి నల్లజాతివాళ్లు సిటీ బస్సు ఎక్కలేదు. దాదాపు నలభై వేలమంది పనికీ, బడికీ, చర్చికీ నడిచి వెళ్లారు, లేదంటే తోటివాళ్ల కార్లలో సర్దుకున్నారు. వాళ్లు నడిచిన వీధుల్ని కారు అద్దంలోంచి చూసి వెళ్లిపోతే ఏం తెలుస్తుంది? గైడు అక్కర్లేదు. అడుగడుగునా చరిత్ర చెప్పే ఫలకాలున్నాయి. ఫోన్లో మ్యాపు, కాళ్లకు మంచి బూట్లు, ఎండాకాలమైతే చేతిలో నీళ్లసీసా ఉంటే చాలు. అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్లకైతే ఇది ఐ-85 మీద నూట అరవై మైళ్ల దూరం. అలబామా గడియారం గంట వెనక కాబట్టి, తెల్లారే బయల్దేరితే ఆ గంట కూడా కలిసొస్తుంది.

చాలామంది మార్టిన్ లూథర్ కింగ్ చర్చి దగ్గర మొదలుపెడతారు. అలా చేయకండి. అలబామా నది ఒడ్డున మొదలుపెట్టండి. అక్కడినుంచి కామర్స్ స్ట్రీట్ నేరుగా ఊళ్లోకి వస్తుంది. విదేశాల నుంచి బానిసల్ని తేవడాన్ని అమెరికా 1808లో నిషేధించాక, దేశం లోపలి వ్యాపారం పెరిగింది. వర్జీనియా, మేరీలాండ్ లాంటి చోట్ల కొన్న మనుషుల్ని పత్తి పండే దక్షిణాదికి తోలుకొచ్చేవాళ్లు. పడవల్లోనూ, తర్వాత రైళ్లలోనూ దించి, సంకెళ్లతో ఈ వీధి వెంటే నడిపించి గోదాముల్లో ఉంచేవాళ్లు. వీధి కొసనున్న కోర్ట్ స్క్వేర్ కూడలిలో భూములు, పశువులు, మనుషులు ఒకే చోట వేలానికి వచ్చేవి. అదే కూడలిలోని వింటర్ బిల్డింగ్ నుంచి 1861 ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ అనే కోట వ్యవహారం తేల్చమని దక్షిణాది బానిస రాష్ట్రాల టెలిగ్రాం వెళ్లింది. ఆ వెంటనే అంతర్యుద్ధం. ఇప్పుడు అక్కడ 1885 నాటి అందమైన ఫౌంటెన్ ఉంది.

రోజా పార్క్స్ బస్సెక్కింది కూడా ఈ కూడలిలోనే. నది నుంచి నడిచి వచ్చినవాళ్లకే ఆ సంగతి బరువు తెలుస్తుంది.

సీటు కోసం కాదు

1955 డిసెంబర్ 1, గురువారం సాయంత్రం. మాంట్‌గమరీ ఫెయిర్ అనే పెద్ద దుకాణంలో కుట్టుపని ముగించుకుని ఆమె క్లీవ్‌లాండ్ అవెన్యూ బస్సెక్కింది. ఆ బస్సులు ఎలా నడిచేవో తెలిస్తే తప్ప ఆమె లేవననడంలోని తెగింపు అర్థం కాదు. ముందు పది సీట్లు తెల్లవాళ్లవి. అవి ఖాళీగా ఉన్నా నల్లవాళ్లు కూర్చోకూడదు. నల్లవాళ్లు ముందు తలుపు దగ్గర పది సెంట్లు చెల్లించి, మళ్లీ కిందికి దిగి, వెనక తలుపు నుంచి ఎక్కాలని చాలామంది డ్రైవర్లు పట్టుబట్టేవాళ్లు. డబ్బు తీసుకున్నాక, వెనక్కి నడిచేలోపే బస్సు కదిలిపోయేది కూడా. మధ్య సీట్లలో కూర్చున్న నల్లవాళ్లు, తెల్లవాడొకడు నిలబడాల్సి వస్తే ఆ వరుస మొత్తం ఖాళీ చేయాలి. ఆ రోజు జరిగింది అదే. ఒక్క మగవాడి కోసం నలుగురిని లేవమన్నారు. ముగ్గురు లేచారు. పార్క్స్ లేవలేదు, అరెస్టయింది. పార్క్స్‌ను 1943లో బస్సులోంచి దింపేసిన డ్రైవరూ, ఈ డ్రైవరూ ఒక్కడే.

స్కూలు పుస్తకాల్లో ఆమెను రోజంతా పని చేసి అలిసిపోయిన ఆడమనిషిగా చూపిస్తారు. అది ఆమెను తక్కువ చేయడమే. అప్పటికి పన్నెండేళ్లుగా నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖలో పనిచేస్తోంది. 1944లో రీసీ టేలర్ అనే యువతిపై ఆరుగురు తెల్లవాళ్లు అత్యాచారం చేస్తే, ఆమె ఊరికి వెళ్లి వివరాలు సేకరించింది. తనేం చేస్తోందో తెలిసే లేవనంది.

కూడలిలో ఆమె విగ్రహాన్ని 2019 డిసెంబర్ 1న పెట్టారు. విగ్రహంతో ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా దాని దగ్గరున్న నాలుగు రాతి ఫలకాల మీది పేర్లు చదవండి: ఆరీలియా బ్రౌడర్, క్లాడెట్ కాల్విన్, సూజీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీజ్ స్మిత్. బస్సుల్లో వేర్పాటును కొట్టేయించిన కేసు పార్క్స్‌ది కాదు, ఈ నలుగురిది. కాల్విన్ పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, మార్చి 2న, పదిహేనేళ్ల వయసులో లేవనని అరెస్టయింది. బేడీలు వేసి తీసుకెళ్లారు. చిన్నపిల్లనీ, పేదింటి పిల్లనీ నాయకులు ఆమెను ముందుపెట్టి ఉద్యమం నడపడానికి సందేహించారు. అయినా కోర్టు బోనెక్కి సాక్ష్యం చెప్పింది ఆ పిల్లే. 1956 నవంబర్ 13న సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే నిలిచింది.

పార్క్స్‌ను అరెస్టు చేసిన చోటు మాంట్‌గమరీ స్ట్రీట్‌లో నాలుగడుగుల దూరమే. ఇప్పుడక్కడ ఆమె పేరిట మ్యూజియం ఉంది. అసలు బస్సు మాత్రం మిషిగన్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి చేరింది.

రాత్రంతా సైక్లోస్టైల్

పార్క్స్ అరెస్టయిన రాత్రి నిద్రపోనిది జో ఆన్ రాబిన్సన్. అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లిషు పాఠాలు చెప్పేది, మహిళల రాజకీయ మండలికి అధ్యక్షురాలు. 1949లో దాదాపు ఖాళీ బస్సులో ముందు వైపు కూర్చుందని డ్రైవరు ఆమె మీద కేకలేస్తే ఏడుస్తూ దిగిపోయింది. ఆ అవమానాన్ని మరిచిపోలేదు. పద్ధతులు మార్చకపోతే బస్సులు బహిష్కరిస్తామని 1954 మే నెలలోనే మేయరుకు ఉత్తరం రాసింది. పార్క్స్ అరెస్టు కబురు అందగానే ఒక సహోద్యోగినీ, ఇద్దరు విద్యార్థుల్నీ వెంటబెట్టుకుని అర్ధరాత్రి కాలేజీకి వెళ్లింది. స్టెన్సిల్ కోశారు. కాగితం ఆదా అవుతుందని ఒక్కో తావు మీద అదే మాట మూడుసార్లు వచ్చేలా కొట్టి, మిషను మీద వేలకొద్దీ తీసి, మూడు ముక్కలుగా కత్తిరించి కట్టలు కట్టారు. సోమవారం బస్సెక్కవద్దన్నదే అందులోని మాట. తెల్లారేసరికి పని అయింది. రాబిన్సన్ పొద్దున క్లాసు చెప్పి, తర్వాత కరపత్రాలు పంచడానికి బయల్దేరింది. ప్రభుత్వ కాలేజీ మిషను మీద సర్కారుకు వ్యతిరేకంగా అచ్చు వేస్తే ఉద్యోగం ఊడుతుందని ఆమెకు తెలియనిది కాదు. అప్పటికి ఇరవై ఆరేళ్ల కింగ్‌ను ఇంకా ఎవరూ నాయకుణ్ని చేయలేదు. సోమవారం బస్సులు దాదాపు ఖాళీగా తిరిగాక, ఆ మధ్యాహ్నం ఎన్నుకున్నారు.

బస్సుల్లో ఎక్కేవాళ్లలో నాలుగింట మూడొంతులు నల్లవాళ్లే కాబట్టి దెబ్బ గట్టిగా తగిలింది. నల్లజాతి టాక్సీవాళ్లు పది సెంట్లకే ఎక్కించుకుంటే, కనీస చార్జీ 45 సెంట్లన్న నిబంధన చూపి అధికారులు బెదిరించారు. అప్పుడు దాదాపు మూడు వందల సొంత కార్లతో, ఎక్కే చోట్లూ దిగే చోట్లూ రాసిపెట్టుకుని, వేరే రవాణా వ్యవస్థే నడిపారు. ఇన్సూరెన్సు కంపెనీలు కార్లకు పాలసీలు రద్దు చేస్తే, లండన్ లాయిడ్స్ ద్వారా తెచ్చుకున్నారు. బహిష్కరణల్ని నిషేధించే 1921 నాటి పాత చట్టం కింద ఎనభై తొమ్మిది మంది మీద కేసులు పెట్టారు. ఉద్యమం అంటే ఉపన్యాసమనుకునేవాళ్లు ఈ పెట్రోలు లెక్కలు చదవాలి.

ఆ పెట్రోలుకు డబ్బు వంటిళ్లలోంచి కూడా వచ్చింది. జార్జియా గిల్మోర్ ఒక హోటల్లో వంటమనిషి. బస్సు డ్రైవరు చేసిన అవమానం గురించి కోర్టులో సాక్ష్యం చెప్పిందని పనిలోంచి తీసేశారు. ఆమె ఇంట్లోనే పొయ్యి వెలిగించింది. వేయించిన కోడి, చేపలు, కేకులు, పైలు చేసి తోటి ఆడవాళ్లతో కలిసి అమ్మి, వచ్చిన డబ్బు సోమవారాల్లో జరిగే ఉద్యమ సభల్లో బల్ల మీద పెట్టేది. ఎక్కడిది ఈ డబ్బంటే ఎక్కడిదీ కాదనేది. తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసే ఆ ఆడవాళ్ల పేర్లు బయటికొస్తే వాళ్ల కూడు పోతుంది మరి. అందుకే ఆ జట్టు పేరే ‘ఎక్కడిదీ కాని క్లబ్బు’ అయింది. ఆమె ఇల్లు డెరికోట్ స్ట్రీట్‌లో ఉంది, ముందు ఫలకం పెట్టారు. కింగ్ కుటుంబం ఉన్న 309, సౌత్ జాక్సన్ స్ట్రీట్ ఇంటికి వెళ్లినవాళ్లు ఇక్కడికీ వెళ్లాలి. 1956 జనవరి 30 రాత్రి కింగ్ ఇంటి వరండాలో బాంబు పేలింది. ఆయన సభలో ఉన్నాడు, లోపల కొరెట్టా, పొత్తిళ్లలోని పాప. బాంబు పడిన చోటు ఇప్పటికీ గుర్తు పెట్టి ఉంది. ఆయుధాలతో గుమిగూడిన జనాన్ని ఆయన ఆ వరండాలోంచే శాంతింపజేసి ఇళ్లకు పంపాడు.

ఇటుకలతో మూసిన తలుపు

కూడలి నుంచి దక్షిణంగా రెండు వీధులు దాటితే పాత గ్రేహౌండ్ బస్ స్టేషన్. 1961 మే 20న, రాష్ట్రాల మధ్య బస్సుల్లో వేర్పాటు చెల్లదన్న తీర్పును పరీక్షించడానికి బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన యువతీయువకులు ఇక్కడ దిగారు. దారంతా వెంట వచ్చిన పోలీసులు ఊరి పొలిమేరలో మాయమయ్యారు. గుంపు కర్రలతో, పైపులతో మీద పడింది. తర్వాత పార్లమెంటుకు ఎన్నికైన జాన్ లూయిస్ తల పగిలింది. పక్క భవనమే ఫెడరల్ కోర్టు! ఇప్పుడు స్టేషన్ చిన్న మ్యూజియం. లోపలికి వెళ్లేముందు గోడను చూడండి. నల్లవాళ్లు వెళ్లాల్సిన తలుపును ఇటుకలతో మూసేశారు. చుట్టూ ఉన్న ఇటుకలకూ వాటికీ తేడా కళ్లకు కడుతుంది.

మళ్లీ డెక్స్‌టర్ అవెన్యూకి వచ్చి ఎత్తు ఎక్కండి. కుడివైపు ఎర్ర ఇటుక చర్చిలో కింగ్ 1954 నుంచి 1960 వరకు పాస్టర్. ఇక్కడ పనిచేస్తున్నప్పుడే, 1959 ఫిబ్రవరిలో, భార్యతో కలిసి నెల రోజులు మన దేశంలో తిరిగాడు. కేరళలో ఒక బడిలో ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడని పరిచయం చేశారట. మొదట మనసు చివుక్కుమన్నా, ఆలోచిస్తే నిజమే అనిపించిందని 1965లో అట్లాంటా చర్చిలో ఆయనే చెప్పుకున్నాడు.

చర్చి నుంచి శాసనసభ మెట్లు కనిపిస్తాయి. 1861లో జెఫర్సన్ డేవిస్ బానిస రాష్ట్రాల అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన చోట నక్షత్రం గుర్తు ఉంది, ఆవరణలో ఆయన విగ్రహమూ ఉంది. 1965 మార్చి 25న సెల్మా నుంచి ఓటు హక్కు కోసం యాభై నాలుగు మైళ్లు నడిచి వచ్చినవాళ్లతో కలిపి పాతికవేలమంది ఈ మెట్ల ముందు నిలబడ్డారు. గవర్నర్ వాలెస్ వాళ్ల వినతిపత్రం తీసుకోలేదు. ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 3న వలస చట్టం మారింది. అంతకుముందు భారతీయులకు ఏడాదికి వంద మంది కోటా. పుట్టిన దేశాన్ని బట్టి మనిషిని తూచకూడదన్న వాదన ఆ చట్టానికి బలమిచ్చింది, ఆ గాలి ఈ ఉద్యమం లేపిందే. అమెరికాలో తెలుగు సంఘాల వేదికల మీద ఈ సంగతి ఎందుకు గట్టిగా చెప్పుకోమో నాకు అర్థం కాదు.

పక్క వీధిలోనే మాయా లిన్ 1989లో రూపొందించిన స్మారకం. గుండ్రటి నల్ల గ్రానైటు బల్ల, దాని మీద పలచగా పారే నీళ్లు, నీళ్ల కింద ఉద్యమంలో చనిపోయినవాళ్ల పేర్లు. వయోలా లియుజో పేరు వెతకండి. 1965 మార్చి 25 రాత్రి, నడిచి వచ్చినవాళ్లను కారులో దించే పనిలో ఉండగా ఆమెను కాల్చి చంపారు. ఐదుగురు పిల్లల తల్లి.

చివరి కొండ

శాంతి, న్యాయ జాతీయ స్మారకాన్ని మాత్రం ఆఖరుకు పెట్టుకోండి. బ్రయాన్ స్టీవెన్సన్ నడిపే ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ సంస్థ 2018లో తెరిచింది. ఎనిమిది వందలకు పైగా ఉక్కు స్తంభాలు, ఒక్కొక్కటి ఒక కౌంటీకి. మీద అక్కడ మూకలు చంపినవాళ్ల పేర్లు. మొదట స్తంభాలు మన ఎదురుగా నిలబడి ఉంటాయి. నడిచేకొద్దీ నేల దిగిపోతుంది, అవి తల మీదకి వేలాడతాయి. గోడ మీద కారణాలు రాసి ఉన్నాయి. 1940లో అలబామాలోని లూవర్న్‌లో జెస్సీ థార్న్‌టన్‌ను చంపింది, తెల్ల పోలీసును ‘మిస్టర్’ అనకుండా పిలిచాడని. సినిమా హాల్లో కాలు తగిలిన గొడవ 1991లో చుండూరులో దళితుల ఊచకోత దాకా పోయిందని తెలిసిన మనకు ఈ వాక్యం కొత్తగా అనిపించదు.

అట్లాంటా తెలుగువాళ్లు అక్కడ జార్జియాలోని ఫోర్సైత్ కౌంటీ పేరు వెతకాలి. 1912 సెప్టెంబర్‌లో కమ్మింగ్ ఊళ్లో రాబ్ ఎడ్వర్డ్స్ అనే యువకుణ్ని జైల్లోంచి లాగి చంపి, ఆ తర్వాత వారాల్లో కౌంటీలోని వెయ్యిమందికి పైగా నల్లవాళ్లను ఇళ్లూ పొలాలూ వదిలి పారిపోయేలా చేశారు. 1987లో అక్కడ శాంతియాత్ర చేసినవాళ్ల మీద రాళ్లు పడ్డాయి. వారం తిరక్కుండానే ఇరవై వేలమంది వచ్చి మళ్లీ నడిచారు. మంచి బడులున్నాయని ఇవాళ మనవాళ్లు ఇళ్లు కొనుక్కుంటున్న కౌంటీ అదే. ఎడ్వర్డ్స్ పేరుతో కమ్మింగ్ నడిబొడ్డున 2021లో ఫలకం పెట్టారు. మాంట్‌గమరీ నుంచి ఇంటికొచ్చాక, ఆ వారంలోనే ఒక సాయంత్రం పిల్లలతో అక్కడిదాకా నడిచి వెళ్లండి.