తక్కువ ఖర్చుతో మేలైన ఆహారం

అద్దె గదిలో వండుకొని చదువుకొనే వారికైనా, రోజు కూలితో నడిచే కుటుంబానికైనా చిక్కు ఒకటే. ఉన్న డబ్బుతో కడుపు నిండాలి, ఒంటికి బలమూ అందాలి. ఈ రెండూ ఒకటి కావు. ఎందుకో ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌ను ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

అన్నం ఒక్కటే చాలదు

ఛత్తీస్‌గఢ్‌కు 'ధాన్ కా కటోరా', అంటే వరిగిన్నె అని పేరు. ఆ రాష్ట్రం 2012లోనే, కేంద్ర చట్టానికి ఏడాది ముందు, ఆహార, పోషకాహార భద్రతా చట్టం చేసింది. అందులో పేద కుటుంబాలకు చౌక బియ్యంతో పాటు పప్పు లేదా శనగలు, అయోడిన్ ఉప్పు కూడా చేర్చింది.

బియ్యంతో పాటు పప్పు ఎందుకు? 400 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు సుమారు 30 గ్రాములే. 2020 నాటి జాతీయ సిఫారసుల ప్రకారం 65 కిలోల పురుషునికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి దాదాపు 46 గ్రాములు కావాలి. పైగా బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పుల్లో ఎక్కువ. పప్పుల్లో తక్కువగా ఉండే మెథియొనిన్‌ను బియ్యం అందిస్తుంది. అన్నం, పప్పు కలిపి తినడంలోని శాస్త్రం ఇదే.

ధరను ఎలా పోల్చాలి?

కిలో ధర చూడకండి. 10 గ్రాముల మాంసకృత్తులకు ఎంత పడుతుందో లెక్క వేయండి. శనగలు కిలో 80 రూపాయలనుకుందాం. కిలోలో సుమారు 200 గ్రాముల మాంసకృత్తులుంటాయి కాబట్టి 10 గ్రాములకు 4 రూపాయలు. 6 గ్రాములిచ్చే గుడ్డు 6 రూపాయలైతే 10 గ్రాములకు 10 రూపాయలు. 7 గ్రాములుండే 100 గ్రాముల బిస్కట్ల పొట్లం 20 రూపాయలైతే 10 గ్రాములకు దాదాపు 29 రూపాయలు! గుడ్డు ఖరీదనిపించినా దానిలోని మాంసకృత్తులు చాలా నాణ్యమైనవి. బిస్కట్ల విషయంలో ఆ మాట చెప్పలేం.

ఆకుకూరలు

రాయపూర్ ప్రాంతంలో ఆకుకూరలను 'భాజీ' అంటారు. ఎర్ర తోటకూర అక్కడ లాల్ భాజీ, బచ్చలి పోయీ భాజీ, మునగాకు ముంగా భాజీ. వానాకాలంలో తనంతట తానే మొలిచే తగిరిస చెట్టు లేత ఆకును చరోటా భాజీగా వండుకొంటారు. ఆకుకూరల్లోని ఇనుమును శరీరం తేలిగ్గా గ్రహించదు. నిమ్మరసం పిండుకొంటే అందులోని విటమిన్ 'సి' సాయపడుతుంది. భోజనం వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది.

చౌకలోనూ జాగ్రత్త

ఈ ప్రాంతంలో 'తివరా' అనే కేసరి పప్పు పండుతుంది. దానిని నెలల తరబడి ప్రధానాహారంగా తింటే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం విషపదార్థం తక్కువగా ఉండే 'మహాతివరా' రకాన్ని రూపొందించింది. కందిపప్పు మామూలు ధర కంటే మరీ చౌకగా దొరికితే కల్తీ జరిగిందేమో చూసుకోవాలి.

అభ్యాసం: ఈ వారం మీ ఇంట్లో కొన్న ఐదు వస్తువులకు పై పద్ధతిలో లెక్క వేయండి. ఏది నిజంగా చౌకో తేల్చండి.