‘అంద నాళ్’: చూసినది, విన్నది, అనిపించినది

సినిమా చూసి వచ్చిన వారిని “ఎలా ఉంది?” అని అడిగితే వచ్చే సమాధానంలో మూడు పాళ్లు కలిసి ఉంటాయి: కళ్లారా చూసినది, ఇతరులు చెప్పగా విన్నది, తమకు అనిపించినది. ఈ మూడింటినీ వేరుచేసి చెప్పే ఏర్పాటు మన వాడుక తెలుగులోనే ఉంది. తమిళంలో 1954లో వచ్చిన ‘అంద నాళ్’ అనే నలుపు తెలుపు చిత్రంపై ప్రేక్షకుల అభిప్రాయాలను ఆధారం చేసుకొని దీనిని వివరిస్తాము.

‘అంద నాళ్’ అంటే ‘ఆ రోజు’. ఎ.వి.ఎం. సంస్థ నిర్మించింది. దర్శకుడు ఎస్. బాలచందర్, వీణ విద్వాంసుడుగా ప్రఖ్యాతుడు. 1943 అక్టోబరులో మద్రాసుపై జపాను బాంబులు పడిన నాటి కథ. రాజన్ అనే రేడియో ఇంజనీరు (శివాజీ గణేశన్) తుపాకి దెబ్బకు చనిపోతాడు. ఎవరు కాల్చారు? భార్య ఉష (పండరీబాయి), తోడబుట్టినవాడు, అతని భార్య, పొరుగింటాయన మొదలైనవారిని పోలీసు అధికారి (జావర్ సీతారామన్) విచారిస్తాడు. ఒక్కొక్కరూ మరొకరిని అనుమానిస్తారు.

ఇందులో ఒక్క పాట కూడా లేదు. నృత్యం లేదు, పోరాటం లేదు. కథానాయకుడు మొదట్లోనే చనిపోతాడు. పైగా అతడు దేశద్రోహి అని తర్వాత తెలుస్తుంది. విమర్శకులు మెచ్చుకున్నా చిత్రం ఆర్థికంగా దెబ్బతిన్నది. 1954 నాటి చిత్రాలకిచ్చిన జాతీయ పురస్కారాల్లో యోగ్యతాపత్రం పొందింది. కాలక్రమంలో తమిళంలో వచ్చిన మేలైన అపరాధ పరిశోధన చిత్రాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. చిత్రంలో మారినది ఏమీ లేదు. పాటలు లేకపోవడం ఆనాటి ప్రేక్షకులకు లోటు. అదే తర్వాతి వారికి బిగువు.

ఈ చిత్రాన్ని చూసేవారు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఒక సాక్షి చెప్పిన కథ తెరమీద కళ్లముందు జరిగినట్లే కనిపిస్తుంది. అది అతడు చెప్పినది మాత్రమే అన్న సంగతి మనం మరచిపోతాం. మాటకు ‘అట’ ఉంది కాని బొమ్మకు లేదు. ఈ చిత్రంలోని సస్పెన్సుకు మూలం అక్కడే ఉంది.

‘వచ్చాడు’ అంటే ఆ మాటకు పూచీ మనదే. ‘వచ్చాడట’ అంటే పూచీ చెప్పినవారిది. ‘వచ్చాడు కాబోలు’ అంటే ఊహ. ‘వచ్చాడేమో’ అంటే సందేహం. “నేను నిన్న ఆ సినిమా చూశానట” అని ఎవరైనా అంటే మనకు నవ్వు వస్తుంది. తాను చేసిన పనిని తాను వినికిడిగా చెప్పడం కుదరదు కదా! ఈ పనికి తమిళంలో ‘ఆం’ ఉంది (వందానాం), కన్నడంలో ‘అంతె’ ఉంది (బందనంతె), మరాఠీలో ‘మ్హణే’ అనే విడి మాట ఉంది. కనుక పొరుగు భాషల మధ్య పెరిగిన విద్యార్థులకు ఇది కొత్త విషయం కాదు.

ఇప్పుడు ఒక అభిప్రాయాన్ని పరీక్షిద్దాం. “ఇది జపాను చిత్రం ‘రషోమాన్’ (1950)కు నకలట” అని చాలామంది అంటారు. బాలచందర్ ఆ చిత్రం చూసి ప్రేరణ పొందిన మాట నిజమే. అయితే ‘రషోమాన్’లో ఒకే సంఘటనను నలుగురు నాలుగు విధాలుగా చెబుతారు, నిజమేదో చివరికీ తేలదు. ‘అంద నాళ్’లో హంతకులెవరో తేలుతుంది. రెండూ చూసినవారు ‘నకలట’ అనవలసిన పనిలేదు; ‘నకలే’ అనవచ్చు, ‘నకలు కాదు’ అనవచ్చు, ‘నాకు నకలనిపించలేదు’ అనవచ్చు. ఏది అన్నా అది వారి సొంత మాట అవుతుంది.

మా తరగతుల్లో ఒక అనుభవం తరచు కలుగుతుంది. సినిమా గురించి తమిళంలోనో కన్నడంలోనో గంటసేపు వాదించగల విద్యార్థి, తెలుగులో రాయమంటే “బాగుంది” అని ఊరుకుంటాడు. కారణం అడిగితే “మా ఇంటి తెలుగు తప్పండి, మేము ‘వచ్చాడంట’ అంటాము” అంటాడు. ‘అంట’ తప్పు కాదు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లోనూ కోట్లమంది నోట వినిపించే రూపమే అది. ‘అట’ రాతలో స్థిరపడినది, అంతే. తప్పన్న భయంతో అభిప్రాయమే చెప్పడం మానేస్తే, కొంతకాలానికి ఆ ఇంట్లో తెలుగు ‘అన్నం తిన్నావా’ వరకే మిగులుతుంది.

అభ్యాసం: ‘అంద నాళ్’ చూసి పది వాక్యాలు రాయండి. చూసినవి నాలుగు, విన్నవి మూడు, అనిపించినవి మూడు ఉండాలి. మీ ఇంట్లో ‘అంట’ అంటే ‘అంట’ అనే రాయండి. కాల్చినవారెవరో మాత్రం రాయకండి. ఇంకా చూడనివారు ఉంటారు.