పిడికెడు గింజలు

క్రిస్మస్ నెల వచ్చిందంటే మా మార్కాపురం వైపు పల్లెల్లో ముందుగా సున్నం వాసన వస్తుంది. గోడలకు వెల్ల, వాకిట్లో రంగుకాగితాల నక్షత్రం, చలిలో రాత్రంతా ఇల్లిల్లూ తిరిగే పాటల బృందం. హైదరాబాదు, బెంగుళూరు పనులకు పోయినవాళ్ళంతా మూటాముల్లెతో ఇళ్ళకు చేరతారు. సంబరం బాగానే ఉంటుంది గానీ, జనవరిలో అప్పులవాళ్ళు గడప తొక్కినప్పుడు అసలు లెక్క తేలుతుంది.

నాకూ తేలింది. ఒక ఏడాది ఇంటిల్లిపాదికీ రెండేసి జతల బట్టలు, వీధివీధంతటికీ కేకు అంటూ పొదుపు సంఘంలో అప్పు తీశాను. ఆ కిస్తీలు తొలకరి దాకా కడుతూనే ఉన్నాను. ఇంత చేసీ, మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మకు పండగనాడు గిన్నెడు కూర పంపడం మరిచిపోయాను!

అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ పొయ్యి పక్కనుండే మట్టిముంత. ఎసట్లో గింజలు పోసే ముందు పిడికెడు తీసి అందులో వేసేది. వరి బియ్యం పండగలకే గదా, రోజూ పడేవి జొన్నలు, సద్దలు, కొర్రలు. ఆదివారం ఆడవాళ్ళందరూ తమ ముంతలు చర్చికి తెచ్చి ఒక్కచోట పోసేవాళ్ళు. అన్నీ కలిసిపోయిన ఆ రాశి ముందు పాస్టరమ్మగారు చేట పట్టుకుని కూర్చునేవారు. మిజోరం ఆడవాళ్ళు కూడా వంట వండినప్పుడల్లా పిడికెడు బియ్యం ఇలాగే తీసి పెడతారని, 1910 ప్రాంతంలో మొదలైన ఆ అలవాటు ఇప్పటికీ సాగుతోందని తర్వాత ఎప్పుడో చదివి ఆశ్చర్యపోయాను.

మన ప్రాంతంలో ఇంకో కథ ఉంది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి చూపించారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా కంభం చెరువును నింపేదీ ఆ గుండ్లకమ్మే. ఆ జాగ్రత్తే అబ్బిందో ఏమో, మా ఆడవాళ్ళు కూడా గింజల మూట ఎవరింటికి పోయిందో కూడికలో పొరపాటున కూడా ఎత్తేవాళ్ళు కాదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఆ మూట మా ఇంటికే వచ్చింది. ఆ ఏడు వానల్లేక కంది మాడిపోయింది. పలకల గనిలో పనికి పోయిన నాయన కాలు విరిగి మంచాన పడ్డాడు. క్రిస్మస్ ఇంకా రెండు వారాలుంది. మాపటేళ ఇద్దరు పెద్దాడోళ్ళు కొంగుచాటున మూట తెచ్చారు. అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మాకెందుకు అక్కా, ఇంకా లేనోళ్ళున్నారు గదా?"

"ఇన్నేళ్ళు నువ్వేసిన గింజలే గదమ్మా ఇయ్యి. లోపల పెట్టుకో."

అంతే, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు. అమ్మ చాలాసేపు పొయ్యి ముట్టించలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్నేళ్ళు ముంత నింపిన మనిషికి ఆ మూట అందుకోవడం ఎంత కష్టమయ్యిందో నాకప్పుడు తెలియలేదు. నాకు ఆకలేస్తోంది, అంతే.

ఎట్టకేలకు ఎసరు పెట్టింది. మూట విప్పింది. చెయ్యి ముంత వైపు పోతుంటే నాకు ఒళ్ళు మండింది.

"వాళ్ళిచ్చిన దాంట్లోనే మళ్ళీ తీస్తావా? మనకే చాలవు గదమ్మా!"

అమ్మ ఆగింది. ఒక్క క్షణం ఆలోచించి, ముంత నా ముందుకు జరిపింది.

"అయితే నాయన లేచిందాకా నువ్వెయ్యి. నీ పిడికిలి చిన్నది."