అలారం "వెంట్ ఆఫ్" అంటే ఆగిందా, మోగిందా?

ఈరోజు మన టాపిక్ రెండే రెండు చిన్న మాటలు: "గో ఆఫ్". గో అంటే తెలుసు, ఆఫ్ అంటే తెలుసు. రెండూ కలిస్తేనే తంటా.

ముందు ఒక ప్రశ్న. మీరు విదేశంలో చదువుకుంటున్నారు. రాత్రిపూట హాస్టల్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది: "ద ఫైర్ అలారం వెంట్ ఆఫ్." హమ్మయ్య, ఆగిపోయిందిలే అని దుప్పటి కప్పుకున్నారా? డేంజర్! అలారం మోగింది అని దానర్థం. వెంటనే బిల్డింగ్ బయటికి వెళ్లాలి.

మరి మనకెందుకు ఇలా అనిపిస్తుంది? తెలుగులో "ఆఫ్" అనే మాటని ఎక్కువగా ఆపేయడానికే వాడతాం. ఫ్యాన్ ఆఫ్ చెయ్, ఫోన్ ఆఫ్ అయింది, ఇలా. ఇంగ్లీషులో ఆఫ్‌కి ఉన్న పాత అర్థం "దూరంగా" అని. అందుకే "హి వెంట్ ఆఫ్ టు ఢిల్లీ" అంటే ఢిల్లీకి బయల్దేరి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ట్రిక్ చెప్తా. వాక్యంలో ముందున్న మాట ఏంటో చూడండి.

అలారం అయితే మోగింది. బాంబు అయితే పేలింది. తుపాకీ అయినా అంతే.

లైట్లు, హీటర్ అయితే ఆగిపోయాయి. ఇక్కడ మాత్రం మన ఆఫే.

పాలు, చేపలు అయితే పాడైపోయాయి. ఇది బ్రిటిష్ వాడుక. అమెరికాలో "వెంట్ బ్యాడ్" అంటారు.

ఫంక్షన్ అయితే జరిగింది. "ద వెడ్డింగ్ వెంట్ ఆఫ్ వెల్" అంటే పెళ్లి బాగా జరిగింది.

ఇంకోటి. "ఐ హ్యావ్ గాన్ ఆఫ్ కాఫీ" అంటే కాఫీ మీద ఇష్టం పోయింది. ఇదీ బ్రిటిష్ వాళ్ల మాటే. "హి వెంట్ ఆఫ్ ఆన్ మీ" అంటే నా మీద గట్టిగా అరిచాడు. ఇది అమెరికన్ వాడుక.

ఇన్ని ఎలా గుర్తుంటాయి బ్రో అంటారా? మన "పడింది" సంగతి చూడండి. వాన పడింది, జీతం పడింది, వికెట్ పడింది, శిక్ష పడింది. క్రియ ఒక్కటే. కానీ జీతం పడితే పండగ, వికెట్ పడితే ఏడుపు. ఎవరైనా కన్‌ఫ్యూజ్ అవుతామా? లేదు. ఎందుకంటే ఏం పడిందో చూసి అర్థం చేసుకుంటాం. ఇక్కడా సేమ్ లాజిక్.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటప్పుడు "యాన్ అలర్ట్ వెంట్ ఆఫ్" అని మెసేజ్ వస్తే నిద్ర లేచి లాప్‌టాప్ తెరవాల్సిందే. ప్రాబ్లమ్ అయిపోయిందని కాదు, అప్పుడే మొదలైందని.

చివరగా ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి: "ద అలారం వెంట్ ఆఫ్, సో ఐ టర్న్డ్ ఇట్ ఆఫ్." అలారం మోగింది, అందుకే ఆపేశాను. దానంతటదే మోగితే "వెంట్ ఆఫ్", మనం ఆపితే "టర్న్డ్ ఆఫ్". అంతే, సింపుల్. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!