తనంత తాను మూసికొను తలుపు

పూర్వమొక ముసలమ్మకు ఒక కోడియు, ఒక కుంపటియు ఉండెడివి. తన కోడి కూయనిదే ఊరికి తెల్లవారదనియు, తన కుంపటిలోని నిప్పు లేనిదే ఏ యింటను పొయ్యి వెలుగదనియు ఆమె నమ్ముచుండెను. ఒకనాడామె ఊరివారిపై అలిగి, ఆ రెంటిని తీసికొని అడవికి పోయెను. ఐనను మరునాడు ఊరికి యథాప్రకారముగా తెల్లవారెను. ఈ కథ తెలుగువారందరు ఎరిగినదే. కోడి సూర్యుని ఆజ్ఞాపింపజాలదు. కాని సూర్యుని రాకపోకలను కనిపెట్టి నడచుకొనుటలో అది మిక్కిలి నేర్పు గలది. ఈ స్వభావమును ఆధారముగా చేసికొని మానవుడొక చిన్న యంత్రమును కల్పించెను. అది ఉదయమున కోళ్లగూటి తలుపును తెరచును, సాయంకాలమున మూయును.

ఇంటికోళ్లకు మూలము దక్షిణాసియా, ఆగ్నేయాసియా అడవులలో నివసించు ఎర్ర అడవికోడి. అది పగలు నేలపై గింజలను, పురుగులను ఏరుకొని తినును. ప్రొద్దు గ్రుంకగనే చెట్టుకొమ్మ నెక్కి నిద్రించును. మనుష్యుని కంటిలో రంగులను గుర్తించు కణములు మూడు విధములుగా ఉండగా, కోడి కంటిలో నాలుగు విధములుగా ఉన్నవి. కాని మసకవెలుతురులో చూచుటకు తోడ్పడు కణములు దానికి తక్కువ. పగటివేళ మిక్కిలి చురుకైన ఆ కన్ను చీకటిలో దాదాపు పనికిరాదు. అందువలననే వెలుగు తగ్గుచుండగా కోళ్లు, ఎవరును పిలువకయే, ఎవరును తోలకయే, గూటికి చేరుకొని అడ్డకర్రపై వరుసగా కూర్చుండును.

లోపలికి పోవుట కోడికి తెలియును; తలుపు వేసికొనుట తెలియదు. ఆ పని మనుష్యునిది. తెలుగునాట పల్లెలలో సాయంకాలమున కోళ్లను గంపక్రింద మూసి, పైన బరువైన రాయి నుంచుట చిరకాలపు అలవాటు. ఆ రాయి లేనిచో ముంగిసయో, బావురుపిల్లియో రాత్రివేళ వచ్చి కోడిని ఎత్తుకొనిపోవును. ఇంగ్లండులో ఈ భయము ఎర్రనక్క వలన కలుగుచున్నది. అది పల్లెలలోనే గాక పట్టణములలోని పెరటితోటలలోను సంచరించును. బయట వేటాడునప్పుడు ఒక పక్షి చిక్కగనే తక్కినవి పారిపోవును. గూటిలో పారిపోవుటకు దారి లేదు. కావున లోపల జొరబడిన నక్క, రెక్కలు కొట్టుకొనుచు తిరుగు కోళ్లను ఒకదాని వెంట నొకటిగా కొరికి, తాను తినగలిగినదానికంటె ఎక్కువ చంపును. ఒక్క సాయంకాలము తలుపు వేయుట మరచినచో, ఉదయమునకు గూడంతయు శూన్యము కావచ్చును.

ప్రతిదినము ఒకే వేళకు తలుపు వేసిన చాలదా యని ప్రశ్నింపవచ్చును. హైదరాబాదులో మిక్కిలి దీర్ఘమైన పగలు సుమారు 13 గంటలు. మిక్కిలి హ్రస్వమైన పగలు సుమారు 11 గంటలు. ఈ భేదము స్వల్పము. భూమధ్యరేఖకు దూరమైన కొలది భేదము హెచ్చును. లండనులో జూను చివరి దినములలో పగలు సుమారు 16 గంటల 40 నిమిషములుండును; డిసెంబరులో 8 గంటలకు కొంచెము తక్కువ. అచ్చటి గడియారము ప్రకారము జూనులో రాత్రి 9 గంటలు దాటిన పిమ్మట సూర్యుడస్తమించును. డిసెంబరులో సాయంకాలము 4 గంటలకు ముందే అస్తమించును. శీతకాలమున ఉద్యోగమునకు పోయినవాడు ఇల్లు చేరునప్పటికి చీకటిపడి చాలసేపగును. నక్క అంతవరకు వేచియుండదు. ఇట్టి చోటనే తనంత తాను మూసికొను తలుపు అవసరమైనది.

ఈ తలుపులు రెండు విధములు. మొదటిది గడియారమును బట్టి నడచును. ఋతువు మారినకొలది దాని వేళలను మార్చుచుండవలెను. రెండవది వెలుగును బట్టి నడచును. దీనికి ఆధారమైన సత్యమును 1873లో విలోబీ స్మిత్ అను ఆంగ్లేయుడు ప్రకటించెను. ఆయన సముద్రగర్భమున వేయు తంతితీగలను పరీక్షించుటకు సెలీనియము కడ్డీలను వాడుచుండెను. వెలుతురు సోకినప్పుడు ఆ కడ్డీల గుండ విద్యుత్తు సులభముగా ప్రవహించుచుండెను; వెలుతురు మరుగైనప్పుడు కష్టముగా ప్రవహించుచుండెను. తరువాతి కాలమున కాడ్మియం సల్ఫైడు, సిలికాను మున్నగు పదార్థములతో వెలుగును గుర్తించు చిన్న సాధనములు తయారైనవి. అట్టి సాధనమొకటి గూటి గోడపై నుండి ఆకాశపు వెలుగును గమనించును.

వెలుగు ఒక మేరకు తగ్గగనే తలుపు పడదు. మబ్బు కమ్మినను వెలుగు తగ్గును గదా! కావున యంత్రము కొన్ని నిమిషములు వేచియుండి, చీకటి నిలిచినదని తేలిన పిదపనే చిన్న మోటారును నడపును. మోటారు తిరుగగా కండెకు చుట్టిన త్రాడు వదులై, అల్యూమినియపు రేకుతలుపు గాడిలో మెల్లగా క్రిందికి దిగును. అది అడుగునకు చేరగనే మీట యొకటి విద్యుత్తును ఆపివేయును. ఉదయమున మోటారు వెనుకకు తిరిగి త్రాడును చుట్టుకొనగా తలుపు పైకి లేచును. దీనికి కావలసిన శక్తి బ్యాటరీల నుండి గాని, సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చు పలక నుండి గాని లభించును.

ఇంత చిన్న యంత్రమునకును లోపములున్నవి. వీధిదీపపు వెలుతురు సోకినచో అది రాత్రిని పగలని భ్రమించును. గాడిలో గడ్డిపరక చిక్కుకొన్నను, మంచు గడ్డకట్టినను తలుపు సగములో ఆగిపోవును. బ్యాటరీ బలము తగ్గినప్పుడు అసలు కదలదు. క్రింద గొళ్లెము లేనిచో నక్క రేకును ముట్టెతో పైకెత్తగలదు.

వీటన్నిటికంటె గొప్ప లోపము వేరొకటి కలదు. కోళ్లలో పెద్దచిన్నల వరుస యొకటి యుండును. నార్వే దేశీయుడైన షెల్డెరప్ ఎబ్బె అను శాస్త్రజ్ఞుడు 1921లో దీనిని వివరించెను. బలమైన కోడి తనకంటె బలహీనమైనదానిని పొడుచును. అది తనకంటె అల్పమైనదానిని పొడుచును. అందరికంటె అల్పమైనది అన్నిటి చేత పొడువబడును. అట్టి కోడి తక్కినవి లోపల సర్దుకొనువరకు వాకిటనే తచ్చాడవచ్చును. ఆ సమయమున తలుపు పడినచో అది బయటనే చిక్కుకొనును. చీకటిలో దానికి కన్ను కనబడదు. తలుపు ప్రక్కనే ముడుచుకొని కూర్చుండును. నక్క దానిని సులభముగా పట్టుకొనును. యంత్రము తన పనిని ఏ తప్పును లేకుండ నెరవేర్చినది. ఐనను కోడి చనిపోయినది. ఏలయన చీకటి పడినదా లేదా అను నొక్క విషయమే యంత్రమునకు తెలియును. ఎన్ని కోళ్లు లోపలికి వచ్చినవో దానికి తెలియదు.

కావున వివేకవంతులు ఈ తలుపును అమర్చిన పిదపను, వీలైనప్పుడెల్ల సాయంకాలము దీపము తీసికొని గూటికడకు పోయి కోళ్లను లెక్కించుదురు. బయట మిగిలినదానిని ఎత్తి లోపల కూర్చుండబెట్టుదురు. వారము వారము గాడిని శుభ్రపరచి, బ్యాటరీని పరీక్షించుదురు. తన కోడి వలననే తెల్లవారుచున్నదని ముసలమ్మ పొరపడెను. తలుపు తనంత తాను మూసికొనుచున్నది గనుక తన బాధ్యత తీరినదని తలచుటయు అట్టి పొరపాటే. గంపపై రాయి నుంచు ఇల్లాలు ముందుగా కోళ్లను లెక్కపెట్టును. రాయిని ఆ పిమ్మటనే ఎత్తును.