డిగ్రీ మధ్యలో ఆగిందా? ముందు పాత మెమోలు బయటికి తీయండి

ఈరోజు ఎపిసోడ్ మీ కంటే మీ ఇంట్లో ఉన్న అక్క కోసం, బాబాయ్ కోసం, అమ్మ కోసం. డిగ్రీ మాట ఎత్తగానే టాపిక్ మార్చేసేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు కదా, వాళ్ల కోసం. ఫోన్‌లో వెతికి పెట్టే పని మాత్రం మీదే.

వాళ్లని ముందు ఒకటి అడగండి. చదువే మధ్యలో ఆగిందా, లేక మూడేళ్లూ చదివాక సబ్జెక్టులు మిగిలాయా? చాలామంది రెండూ ఒకటే అనుకుని, మళ్లీ మొదటి నుంచి చదవాలని భయపడి వదిలేస్తారు.

సబ్జెక్టులే మిగిలితే కొత్తగా ఎక్కడా చేరొద్దు. గడువు దాటిపోయిన పాత బ్యాచ్‌లకి యూనివర్సిటీలు అప్పుడప్పుడు 'వన్ టైమ్ చాన్స్' ఇస్తుంటాయి. ఉస్మానియా అలా ఇచ్చింది. కాకపోతే అది ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చాక ఫీజు కట్టడానికి ఎక్కువ రోజులుండవు. అందుకే హాల్‌టికెట్ నంబరు, మెమోలు దగ్గర పెట్టుకుని యూనివర్సిటీ వెబ్‌సైట్ చూస్తూ ఉండాలి. మా అక్కకి రెండు పేపర్లు మిగిలి తొమ్మిదేళ్లు. ఆ రెండింటి వల్లే బీఎడ్‌కి వెళ్లలేకపోయింది. పోయినేడు చాన్స్ వస్తే పిల్లాణ్ణి అమ్మ దగ్గర వదిలి రాసింది. ఒకటి పాసైంది, ఇంకోటి ఉంది.

మధ్యలో ఆపేసినవాళ్లకి ఓపెన్ యూనివర్సిటీ ఉంది. హైదరాబాద్‌లోని అంబేద్కర్ యూనివర్సిటీ 1982లో మొదలైంది, దేశంలో అదే మొదటిది. ఇగ్నో 1985లో వచ్చింది. ఇగ్నోలో బీఏ మూడేళ్ల కోర్సే అయినా ఆరేళ్ల వరకు పూర్తి చేసుకోవచ్చు. డ్యూటీలు చేసుకునేవాళ్లకి అదే పెద్ద ఊరట. యూజీసీ గుర్తింపు ఉన్న డిస్టెన్స్ డిగ్రీ, రెగ్యులర్ డిగ్రీతో సమానమే.

'వన్ సిట్టింగ్‌లో డిగ్రీ' అని మెసేజ్‌లు వస్తాయి చూడండి, వాటి జోలికి పోవద్దు. అది చదువు కాదు, కాగితం కొనడం. వెరిఫికేషన్‌లో దొరికితే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది. ఏ కోర్సులో చేరినా ముందు యూజీసీ డిస్టెన్స్ బ్యూరో సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు, ఆ కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో చూడండి.

ఇంకో చిక్కు: ఇంటర్ ఒరిజినల్స్ పాత కాలేజీలోనే ఉండిపోవడం. ఫీజు బాకీ అంటూ ఇవ్వరు. సర్టిఫికెట్లు అలా ఆపి పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. నోటితో అడిగి వచ్చేయకండి, లెటర్ రాసిచ్చి, రెండో కాపీ మీద కాలేజీ స్టాంపు వేయించుకోండి.