తప్పు చేస్తే చెస్ రానట్టేనా?

అండర్-9, అండర్-11 చెస్ టోర్నమెంట్ జరిగే హాలు బయట కాసేపు నిలబడండి. ఓడి బయటికొచ్చిన పిల్లవాడిని ముందు మంచినీళ్లు తాగమనేవాళ్లు తక్కువ. ‘అంత చిన్న ఎత్తు కనబడలేదారా?’ అని నిలదీసేవాళ్లే ఎక్కువ. ఇలా రెండు మూడు టోర్నమెంట్లు గడిచాక, ‘మావాడు బ్లండర్లు చేస్తాడండీ, టాలెంట్ లేదు’ అని తేల్చేసి కోచింగ్ మాన్పించేస్తారు. ఈలోగా ఆ పిల్లవాడు రెండు అలవాట్లు పట్టేస్తాడు. ఓడిన ఆట స్కోర్ షీటు దాచెయ్యడం ఒకటి, ఒక పావు పోగానే రిజైన్ చేసి లేచిపోవడం రెండోది. ఆటను ఈ రెండూ మొదట్లోనే చంపేస్తాయి. అయినా ఇందులో పిల్లల తప్పేమీ లేదు. పెద్దలు నమ్మి, వాళ్లకు ఎక్కించిన అపోహే అసలు కారణం.

అపోహ: నిజమైన ప్రతిభ ఉన్నవాళ్లు బ్లండర్లు చెయ్యరు.

వాస్తవం: ప్రపంచ ఛాంపియన్లే చేశారు, అదీ ప్రపంచమంతా చూస్తుండగా. 2006 నవంబరులో బాన్ నగరంలో అప్పటి ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ కంప్యూటర్‌తో ఆడుతూ ఒక్క ఎత్తులో పడే మేట్‌ను చూడలేదు. 1956లో ఆమ్‌స్టర్‌డామ్ క్యాండిడేట్స్ టోర్నీలో పెట్రోసియన్ గెలిచే స్థితిలో ఉండి, బ్రాన్‌స్టైన్ గుర్రం తన క్వీన్ మీదికి వచ్చిన సంగతి గమనించక దాన్ని పోగొట్టుకున్నాడు. ‘నీకు టాలెంట్ లేదు’ అని అతన్ని ఇంటికి పంపేసి ఉంటే 1963లో ప్రపంచ ఛాంపియన్ అయ్యేవాడు కాదు.

2014 సోచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ ఆరో ఆట సంగతి ప్రతి పిల్లవాడికీ చెప్పాలి. 26వ ఎత్తులో కార్ల్‌సన్ తన రాజును తప్పు గడిలోకి జరిపాడు. ఆనంద్ గుర్రంతో ఒక బంటును కొట్టి ఉంటే ఆట తిరగబడేది. ఆనంద్ దాన్ని చూడలేదు, తన బంటును ముందుకు నెట్టాడు, చివరికి ఓడిపోయాడు. ఒకే చోట ఇద్దరు మహా ఆటగాళ్లు పొరబడ్డారు. ఎదుటివాడు కూడా తప్పు చెయ్యగలడని నమ్మి, ప్రతి ఎత్తుకూ వెతికేవాడికే ఆ తప్పు దొరుకుతుంది.

ఇదే అపోహకు ఇంకో ముఖం ఉంది: ‘గుకేశ్ సొంతంగా గెలవలేదు, డింగ్ తప్పు వల్ల గెలిచాడు.’ 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ 14వ ఆట ముగిసిన క్షణం నుంచీ ఈ మాట తిరుగుతూనే ఉంది. రష్యా చెస్ సమాఖ్య అధ్యక్షుడు ఫిలాటోవ్ ఏకంగా విచారణ జరపాలన్నాడు. జరిగింది చూడండి. స్కోరు చెరి ఆరున్నర. ఆట డ్రా వైపు నడుస్తోంది. గుకేశ్ దగ్గర ఉన్నదల్లా ఒక బంటు ఎక్కువ. అక్కడ డ్రాకు ఒప్పుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అతను ఒప్పుకోలేదు. టైమ్ తక్కువగా ఉన్న డింగ్‌కు ప్రతి ఎత్తులోనూ కొత్త చిక్కు పెడుతూ పోయాడు. 55వ ఎత్తులో డింగ్ రూక్‌ల మార్పిడికి సిద్ధపడ్డాడు. మూలన ఉన్న తన బిషప్ కూడా మార్పిడిలో పోక తప్పదని గమనించలేదు. రూక్‌లు పోయాయి, బిషప్‌లు పోయాయి, మిగిలిన రాజు-బంట్ల ఎండ్‌గేమ్‌లో ఆ ఒక్క బంటు చాలింది. గంటల తరబడి వదలకుండా ఒత్తిడి పెట్టినందుకు వచ్చిన ఫలితాన్ని అదృష్టం అనడం అన్యాయం. అదే మ్యాచ్‌లో గుకేశ్ మొదటి ఆట తెల్లపావులతో ఓడాడు, పన్నెండో ఆటా ఓడాడు. ఆ రెండు ఓటములనూ తట్టుకున్నవాడే 18 ఏళ్లకు ఛాంపియన్ అయ్యాడు.

మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి సంగతి ఇంకా దగ్గరిది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టోర్నీని ఆమె మొదటి రౌండు ఓటమితో మొదలుపెట్టింది. 11 రౌండ్లు ముగిసేసరికి 8.5 పాయింట్లతో టైటిల్ ఆమెదే. మొదటి రౌండు ఓడగానే పిల్లను తిట్టి, రెండో రౌండుకు కళ్లనీళ్లతో పంపే తల్లిదండ్రులు ఈ ఒక్క ఫలితం గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: పావు పోయాక ఆడటం మర్యాద కాదు, రిజైన్ చెయ్యాలి.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. గ్రాండ్‌మాస్టర్ల మధ్య, ఏ ఆశా లేని ఎండ్‌గేమ్‌ను ఊరికే సాగదీస్తే బాగుండదు. కానీ ఆ మర్యాద ఎత్తులన్నీ ముందే చూడగలిగినవాళ్లది. పదేళ్ల పిల్లలకు దాన్ని అంటగట్టొద్దు. రిజైన్ చేసి తీరాలని అంతర్జాతీయ చెస్ సమాఖ్య (ఫిడే) నియమాల్లో ఎక్కడా లేదు. పైగా ఎదుటి పిల్లవాడికి ఒక రూక్‌తో మేట్ చెయ్యడం సరిగ్గా రాకపోవచ్చు, తొందరలో స్టేల్‌మేట్ చెయ్యొచ్చు, వాడి టైమ్ అయిపోవచ్చు. పెద్ద ఆటగాళ్లూ ఇక్కడ పొరబడ్డారు. 1902లో మాంటెకార్లోలో మార్కో తన బిషప్ పోయినట్టేననుకుని పోపియెల్‌కు రిజైన్ చేశాడు. నిజానికి అదే బిషప్‌ను జరిపితే మార్కోయే గెలిచేవాడు. 2025 జూన్‌లో నార్వేలో కార్ల్‌సన్‌తో ఆడుతూ గుకేశ్ చాలాసేపు ఓడిపోయే స్థితిలోనే ఉన్నాడు. లేవలేదు. టైమ్ ఒత్తిడిలో కార్ల్‌సన్ తప్పు చేశాడు, ఆట గుకేశ్‌ది అయింది.

అపోహ: చిన్నప్పుడు రేటింగ్ పడిపోతే ఇక లేవదు.

వాస్తవం: 18 ఏళ్లలోపు, 2300 కంటే తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లకు ఫిడే కె-ఫ్యాక్టర్ (ఒక్కో ఆటకు రేటింగ్ ఎంత మారాలో నిర్ణయించే అంకె) 40. ఎంత వేగంగా పడుతుందో అంతే వేగంగా పెరుగుతుంది.

అపోహ: రోజూ ఫోన్లో బ్లిట్జ్ ఆటలు ఆడితే చాలు.

వాస్తవం: చాలదు. ఆలోచించే టైమే లేని ఆటలో పాత తప్పులే అలవాటుగా మారతాయి.

అపోహ: కంప్యూటర్ ఇంజిన్ పెట్టి చూస్తే తప్పు తెలిసిపోతుంది.

వాస్తవం: ఇంజిన్ ఏ ఎత్తు తప్పో చూపిస్తుంది. ఆ ఎత్తు ఎందుకు ఆడారో దానికి తెలియదు. అది ఆడినవాళ్లకే తెలియాలి. బాట్విన్నిక్ 1957లో స్మిస్లోవ్ చేతిలో ప్రపంచ టైటిల్ పోగొట్టుకుని 1958లో తిరిగి గెలిచాడు. 1960లో తాల్ చేతిలో పోగొట్టుకుని 1961లో మళ్లీ గెలిచాడు. అప్పటికి విశ్లేషణకు పనికొచ్చే ఇంజిన్లు లేవు. సొంత ఆటలను నిర్దాక్షిణ్యంగా విశ్లేషించుకోవాలని జీవితాంతం చెప్పినవాడు ఆయన.

కాబట్టి ఓడిన ఆట స్కోర్ షీటును పారెయ్యనివ్వకండి. భోజనం అయ్యాక, మనసు కుదుటపడ్డాక, బోర్డు మీద ఆ ఆటను మళ్లీ ఆడించండి. ఎక్కడ దారి తప్పిందో ముందు పిల్లలనే చెప్పనివ్వండి. కారణం ఒక్క వాక్యంలో నోటుబుక్‌లో రాయించండి: ఎదుటివాడి బెదిరింపు చూడలేదా, తొందరపడ్డాడా, టైమ్ చాలలేదా, ఆ ఎండ్‌గేమ్ అసలు రాదా. ఇంజిన్ ఆ తర్వాతే. నెల రోజులు ఇలా చేస్తే ఒకటో రెండో కారణాలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. కోచ్‌తో సాధన చేయించాల్సింది వాటినే.

కోచింగ్ మాన్పించే ముందు ఆ నోటుబుక్ ఒకసారి తెరిచి చూడండి. అందులో పాత తప్పులు తగ్గి కొత్త తప్పులు కనబడుతుంటే మీ పిల్లలు ఆట నేర్చుకుంటున్నట్టే. వాళ్లను ఆడనివ్వండి.